కెమెరా చెప్పగలిగేది, రిఫరీ మాత్రమే చెప్పగలిగేది

2024 జూన్ 11 రాత్రి. దోహాలో భారత్, ఖతర్‌తో ఆడుతోంది. ప్రపంచకప్ క్వాలిఫయర్స్ రెండో రౌండులో ఆఖరి మ్యాచ్. లాలియన్‌జువాలా ఛాంగ్తే గోల్‌తో మనవాళ్లు 1-0తో ముందున్నారు. అది నిలబెట్టుకుంటే మూడో రౌండు. విశాఖ అక్కయ్యపాలెంలో మా స్నేహితుడి మేడ మీద ఆరుగురం ఒక ల్యాప్‌టాప్ చుట్టూ చేరాం. ఉక్కపోతకి చొక్కాలు ఒంటికి అంటుకుపోతున్నా, లేచి మంచినీళ్లు తాగడానికి కూడా ఎవరికీ మనసొప్పలేదు.

73వ నిమిషంలో ఖతర్‌కి ఫ్రీకిక్. యూసుఫ్ ఐమన్ తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధూ ఆపాడు. ఆపిన బంతి అతని పక్కనుంచి దొర్లుకుంటూ గోల్‌లైను దాటి బయటికి పోయింది. ఇక కార్నరే అనుకుని మనవాళ్లు ఆగిపోయారు. ఖతర్ ఆటగాడు హష్మీ హుస్సేన్ దాన్ని కాలితో వెనక్కి లాగాడు, ఐమన్ లోపలికి తన్నాడు, రిఫరీ గోల్ ఇచ్చేశాడు. మావాడు వీడియో వెనక్కి జరిపి బొమ్మ ఆపాడు. బంతికీ గీతకీ మధ్య పచ్చగడ్డి కనపడుతోంది. "బయటుంది కదా గురూ, ఇంత పెద్ద బంతి కనపళ్లేదేటి వాళ్లకి?" అన్నాడు. ఎవరం జవాబివ్వలేదు. 85వ నిమిషంలో ఖతర్ ఇంకో గోల్ కొట్టింది. 2-1. మన ప్రయాణం అక్కడితో ఆగింది.

ఆ రౌండులో వీడియో రిఫరీ (వీఏఆర్) లేడు. అప్పట్నుంచీ మా వాళ్లందరిదీ ఒకటే మాట, వీఏఆర్ ఉండుంటే గెలిచేవాళ్లమని. ఆ గోల్ వరకూ ఆ మాట అక్షరాలా నిజం. బంతి బయటికి పోయిందా లేదా అన్నది కొలిస్తే తేలిపోయే ప్రశ్న. అయితే ఆ నిజాన్ని పట్టుకుని "కెమెరాలు పెడితే అన్యాయాలన్నీ పోతాయి" అనడం తప్పు. కెమెరాలు వచ్చిన చోటల్లా ఫుట్‌బాల్‌లో గొడవలు తగ్గకపోగా కొత్తవి పుట్టుకొచ్చాయి. ఎందుకలా జరిగిందో అర్థం కావాలంటే రిఫరీ ముందుకొచ్చే ప్రశ్నల్ని రెండు కుప్పలుగా విడదీయాలి. బంతి ఎక్కడుంది, మనిషి ఎక్కడున్నాడు, తగిలిందా లేదా అనేవి ఒక కుప్ప. ఎంత గట్టిగా తగిలింది, కావాలని చేశాడా, చెయ్యి అక్కడ ఉండాల్సిన పనేంటి అనేవి రెండో కుప్ప. మొదటిది కొలతకి లొంగుతుంది. రెండోది లొంగదు, ఎన్ని కెమెరాలు పెట్టినా లొంగదు.

మొదటి కుప్పలో అన్నిటికన్నా తేలికైనది గోల్‌లైను. 2010 జూన్ 27న బ్లూమ్‌ఫాంటైన్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి గీతకి చాలా లోపల పడి బయటికొచ్చింది. స్టేడియం అంతా చూసింది, రిఫరీ, లైన్స్‌మన్ చూడలేదు. అప్పటిదాకా టెక్నాలజీ వద్దంటూ వచ్చిన ఫిఫా ఆ తర్వాతే మెత్తబడింది. 2012లో అనుమతి దొరికింది, 2014 ప్రపంచకప్‌లో వాడారు. బంతి మొత్తం గీత దాటగానే రిఫరీ చేతి గడియారం అదురుతుంది, అంతే. చర్చ లేదు, ఆట ఆగడం లేదు. దీన్ని తీసేయమని ఎవరూ గట్టిగా అడగడం నేను వినలేదు.

"బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటాలి" అన్న నిబంధన వినడానికి చిన్నదే, దగ్గర్నుంచి చూస్తే తమాషాగా ఉంటుంది. బంతి వ్యాసం దాదాపు 22 సెంటీమీటర్లు. అంటే బంతి నేలకి ఆనిన చోటు గీతకి పది సెంటీమీటర్ల అవతల ఉన్నా, దాని పొట్ట ఇంకా గీత మీదే వేలాడుతూ ఉండొచ్చు. అప్పుడు బంతి ఆటలో ఉన్నట్టే. 2022 ప్రపంచకప్‌లో స్పెయిన్ మీద జపాన్ రెండో గోల్‌కి ముందు మితోమా వెనక్కి తన్నిన బంతి అలాంటిదే. ఒక ఫొటోలో బయటికి పోయినట్టు స్పష్టంగా ఉంది. నేరుగా పైనుంచి తీసిన ఫొటోలో ఒక వెంట్రుకవాసి గీత మీద ఉంది. గోల్ నిలబడింది, జపాన్ గ్రూపులో మొదటి స్థానంలో నిలిచింది.

ఇలా ఒకే బంతి రెండు ఫొటోల్లో రెండు రకాలుగా కనపడ్డం విశాఖవాళ్లకి కొత్త కాదు. ఆర్కే బీచ్‌లో నిలబడి సముద్రంలో లంగరేసిన ఓడల్ని చూడండి. రెండు ఓడలు పక్కపక్కనే, ఒకదానికొకటి రాసుకుంటున్నట్టు ఉంటాయి. అదే కైలాసగిరి ఎక్కి చూస్తే వాటి మధ్య ఎంత నీళ్లున్నాయో తెలుస్తుంది. చూసే చోటు మారితే నిజం మారదు కానీ, కనపడేది మారిపోతుంది.

ఈ సంగతి నాకు బాధపడి తెలిసింది. కొన్నేళ్ల క్రితం ఒక స్కూలు టోర్నమెంటులో లైన్స్‌మన్ రాలేదని నా చేతికి జెండా ఇచ్చారు. ఎర్రమట్టి గ్రౌండు, ముగ్గుతో వేసిన గీతలు. రెండో సగంలో ఒక కుర్రాడు డిఫెండర్ల వెనక్కి దూసుకెళ్లి గోల్ కొట్టాడు. నేను ఆఫ్‌సైడ్ అని, అంటే బంతి తన్నిన క్షణానికే ఆఖరి డిఫెండర్ కన్నా ముందున్నాడని, జెండా ఎత్తాను. గోల్ పోయింది, వాళ్ల జట్టు ఓడిపోయింది. మ్యాచ్ అయ్యాక ఆ కుర్రాడి తండ్రి ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. కోపంగా కూడా లేడు. "చూడండి మాస్టారూ, మావోడు వెనకాలే ఉన్నాడు" అన్నాడు. వీడియోలో నిజంగా వెనకాలే ఉన్నాడు. కానీ ఆయన ఆ వీడియో తీసింది సెంటర్‌లైను దగ్గర కూర్చుని, ఏటవాలుగా. ఆ కోణంలో దగ్గరి మనిషి ఒక వైపుకి, దూరపు మనిషి ఇంకో వైపుకి జరిగినట్టు కనపడతారు. కాబట్టి ఆ వీడియో రుజువు కాదు. నా కన్ను కూడా రుజువు కాదని అప్పుడే తట్టింది. నా జెండా తప్పయి ఉండొచ్చు. ఆ పిల్లాడు బస్సెక్కేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి నాకేసి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

లైన్స్‌మన్ పని ఎంత కష్టమో కుర్చీలోంచి చూసేవాళ్లకి తెలీదు. ఆఫ్‌సైడ్ లెక్క బంతిని తన్నిన క్షణానిది. తన్నేవాడు నలభై గజాల అవతల ఉంటాడు. గీత మీద పరిగెత్తే ఫార్వర్డ్, డిఫెండర్ మన ఎదురుగా ఉంటారు. అక్కడా ఇక్కడా ఒకే క్షణంలో చూడాలి. కన్ను అటునుంచి ఇటు తిరిగేలోపు ఫార్వర్డ్ ఒక అడుగు ముందుకు వేసేస్తాడు, డిఫెండర్ ఒక అడుగు ఎదురు దిశలో వచ్చేస్తాడు. మనకి కనపడేది ఆ తర్వాతి బొమ్మ. అందుకే న్యాయంగా కొట్టిన గోల్స్‌కి జెండాలు లేస్తుంటాయి.

దీనికి వీడియో మందు అనుకున్నారు. నిజానికి అదీ పూర్తి మందు కాదు. సెకనుకి 50 బొమ్మలు తీసే కెమెరా అనుకుందాం. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తేవాడు ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య 14 సెంటీమీటర్లు కదిలిపోతాడు. డిఫెండర్ అదే వేగంతో ఎదురు దిశలో వస్తుంటే ఇద్దరి మధ్య తేడా 28 సెంటీమీటర్లు మారిపోతుంది. బంతికి కాలు తగిలింది ఏ బొమ్మలో అన్నది ఒక మనిషి బటన్ నొక్కి ఎంచుకుంటాడు. ఆపైన చంకకింద ఒక గీత, బూటు కొస దగ్గర ఇంకో గీత గీసి, రెండు సెంటీమీటర్లు ముందున్నాడని గోల్ తీసేస్తే అది కొలతలా కనపడే ఊహ. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో వీఏఆర్ వచ్చిన 2019లో జరిగింది ఇదే. రెండేళ్లకి వాళ్లే గీతల్ని మందం చేసి, ఒకదాని మీద ఒకటి పడితే గోల్ కొట్టినవాడి వైపే మొగ్గాలని మార్చుకున్నారు.

2022 ప్రపంచకప్ నుంచి లెక్క కొంత మారింది. ఆ టోర్నమెంటులో స్టేడియం కప్పుకింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి శరీరంలో 29 చోట్లని సెకనుకి 50 సార్లు గుర్తించాయి. బంతి లోపల ఉన్న సెన్సర్ సెకనుకి 500 సార్లు సంకేతం పంపింది, కాబట్టి తన్నిన క్షణం ఎవరూ ఊహించక్కర్లేకపోయింది. దీన్నే సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్ అంటున్నారు. మొదటి మ్యాచ్‌లోనే, ఆట మొదలైన మూడో నిమిషంలోనే ఈక్వడార్ ఆటగాడు ఎన్నెర్ వాలెన్సియా గోల్‌ని ఇది తీసేసింది.

యూరప్ దేశాల టోర్నమెంటు యూరో 2024లో డెన్మార్క్‌కి జరిగింది చూస్తే ఇందులోని మెలిక మొత్తం తెలుస్తుంది. జూన్ 29న డోర్ట్‌మండ్‌లో జర్మనీతో నాకౌట్ మ్యాచ్. రెండో సగం మొదట్లో డెన్మార్క్ డిఫెండర్ యోఆకిమ్ ఆండర్సన్ గోల్ కొట్టాడు. సహచరుడు డిలేనీ బూటు కొస ముందుందని గోల్ పోయింది. కొద్ది నిమిషాలకే రెండో పక్క జర్మనీ ఆటగాడు క్రాస్ చేసిన బంతి అదే ఆండర్సన్ చేతి వేళ్లకి రాసుకుంది. టీవీలో ఒక గ్రాఫ్ లేచింది, మన క్రికెట్‌లో బ్యాటు అంచుకి బంతి తగిలితే అల్ట్రాఎడ్జ్‌లో లేచినట్టు. పెనాల్టీ, గోల్. జర్మనీ 2-0తో గెలిచింది. మ్యాచ్ తర్వాత డెన్మార్క్ కోచ్ కాస్పర్ యూల్మండ్ ఫోన్‌లో ఆ ఆఫ్‌సైడ్ బొమ్మ విలేఖరులకి చూపించి, ఒక్క సెంటీమీటరు తేడా అని వాపోయాడు.

రెండు నిర్ణయాల్లోనూ యంత్రం అబద్ధం చెప్పలేదు. మరి మనసెందుకు ఒప్పుకోదు? ఎందుకంటే మొదటిదాంట్లో కొలత కరెక్టే, కొలుస్తున్న నిబంధనే వేరే కాలానిది. ఆఫ్‌సైడ్ పెట్టింది ఆటగాళ్లు గోల్ దగ్గర కాపు కాయకుండా ఉండడానికి. 1925 దాకా ఫార్వర్డ్‌కీ గోల్‌లైనుకీ మధ్య గోల్‌కీపర్‌తో కలిపి ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి, ఆ ఏడాది ఇద్దరైతే చాలన్నారు. 1990లో డిఫెండర్‌తో సమానంగా ఉన్నా సరేనన్నారు. ప్రతిసారీ మార్పు గోల్స్ పెరగాలనే. ఆ "సమానం" అన్న మాట మనిషి కంటికోసం రాసింది. కంటికి సమానం అంటే ఓ అరడుగు అటూ ఇటూ. యంత్రానికి సమానం అంటూ ఏదీ ఉండదు, ముందో వెనకో తేల్చేస్తుంది. 1990లో ఫార్వర్డ్‌కి ఇచ్చిన వెసులుబాటుని ఎవరూ ఓటేసి రద్దు చేయలేదు, అయినా అది కెమెరాతో ఆవిరైపోయింది. ఆర్సెనల్ క్లబ్ మాజీ కోచ్ ఆర్సెన్ వెంగర్ చాలాకాలంగా చెబుతున్న మార్పు దీనికోసమే. ఫార్వర్డ్ ఒళ్లు మొత్తం డిఫెండర్‌ని దాటి, మధ్యలో ఖాళీ కనపడితేనే ఆఫ్‌సైడ్ అనాలంటాడు. అప్పుడు కూడా ఎక్కడో ఒక సెంటీమీటరు దగ్గర తగాదా వస్తుంది. కానీ ఆ సెంటీమీటరు ఆటకి అర్థమున్న చోట ఉంటుంది. నేను వెంగర్ వైపే. డిఫెండర్లు మరీ వెనక్కి తగ్గి ఆడతారన్న భయం ఉంది, అందుకే ముందు చిన్న టోర్నమెంట్లలో ఏళ్లతరబడి పరీక్షించి చూడాలి.

ఇక ఆండర్సన్ రెండో నిర్ణయం. బంతి చేతికి తగిలింది, అనుమానం లేదు. తగిలితే తప్పా? నిబంధన ప్రకారం చేత్తో కావాలని బంతిని ఆడితే తప్పు. లేదా శరీరాన్ని అసహజంగా పెద్దది చేసే చోట చెయ్యి ఉంచితే తప్పు. "అసహజంగా" అన్న మాట దగ్గరే పేచీ అంతా. పరిగెత్తేవాడి చేతులు ఒంటికి కట్టేసుకుని ఉండవు. ఎగిరేవాడి చేతులు పైకి లేస్తాయి. చెయ్యి ఎంత దూరం జరిగితే అసహజం అన్నదానికి సెన్సర్ దగ్గర జవాబు లేదు. అది ఇచ్చిన గ్రాఫ్ మొదటి కుప్పలోది, అడిగిన ప్రశ్న రెండో కుప్పలోది. అదే టోర్నమెంటులో వారం తిరక్కుండా జర్మనీ ముసియాలా కొట్టిన బంతి స్పెయిన్ ఆటగాడు కుకురెయా చేతికి తగిలితే పెనాల్టీ ఇవ్వలేదు. ఈసారి జర్మనీ ఏడ్చింది. 2019లో హ్యాండ్‌బాల్ నిబంధనని కఠినం చేసి, గోల్‌కి ముందు పొరపాటున చేతికి తగిలినా చెల్లదన్నారు. 2021లో దాన్ని సడలించి, గోల్ కొట్టినవాడి సొంత చేతికి తగిలితేనే అన్నారు. రెండేళ్లలో రెండుసార్లు తిరగరాయడం చూస్తే ఇరుకు ఎంతో తెలుస్తుంది.

దీనికి తోడు స్లోమోషన్. మామూలు వేగంలో చూస్తే కాలు జారి తగిలినట్టున్న టాకిల్, నెమ్మదిగా చూస్తే గురి చూసి తొక్కినట్టు కనపడుతుంది. ఆలోచించే వ్యవధి ఆ ఆటగాడికి ఉన్నట్టు మనకి భ్రమ కలుగుతుంది. అందుకే వీఏఆర్ పద్ధతిలోనే రాసుంది, ఎక్కడ తగిలిందో చూడ్డానికి స్లోమోషన్ వాడొచ్చు, ఎంత తీవ్రంగా తగిలిందో తేల్చడానికి మామూలు వేగంలోనే చూడాలని. చాలామంది అభిమానులకి ఈ సంగతి తెలీదు. టీవీవాళ్లు మాత్రం పదిసార్లు స్లోమోషనే వేస్తారు.

2018 మార్చిలో వీఏఆర్‌ని నిబంధనల్లో చేర్చినప్పుడు నాలుగే సందర్భాలు రాశారు. గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకడి బదులు ఇంకొకడికి కార్డు ఇవ్వడం. వీటిలో కూడా "స్పష్టమైన, కళ్లకి కట్టే తప్పు" జరిగితేనే కలగజేసుకోవాలి. దీన్ని క్రికెట్ భాషలో చెబితే తేలిక. పీఎం పాలెం స్టేడియంలో ఎల్బీడబ్ల్యూ రివ్యూ చూసినవాళ్లకి అంపైర్స్ కాల్ తెలుసు. బంతి వికెట్‌కి అంచున తగులుతుందంటే మైదానంలో అంపైర్ ఏం చెప్పాడో అదే ఖాయం. ఫుట్‌బాల్‌లో కూడా ఉద్దేశం అదే, సందేహం ఉంటే మైదానంలో రిఫరీ మాటే నిలవాలి. తేడా ఎక్కడంటే, క్రికెట్‌లో ఆ అంచు ఎంతో అంకెల్లో ఉంది. ఫుట్‌బాల్‌లో "స్పష్టం" అంటే ఎంతో ఎవరూ చెప్పలేరు. 2018 రష్యా ప్రపంచకప్‌లో 29 పెనాల్టీలు వచ్చాయి, అంతకుముందు ఏ ప్రపంచకప్‌లోనూ 18 దాటలేదు. ఫైనల్లో క్రొయేషియా ఆటగాడు పెరిషిచ్ చేతికి తగిలిన బంతికి ఇచ్చిన పెనాల్టీ "స్పష్టమైన తప్పు" సరిదిద్దడమేనా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు.

క్రికెట్ దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. థర్డ్ అంపైర్ మాట్లాడేది ఇంట్లో కూర్చుని వింటాం. "బ్యాటు లేదు, బాల్ ట్రాకింగ్ చూపించండి" అంటుంటే మనం కూడా అతనితో పాటు ఆలోచిస్తాం. నిర్ణయం నచ్చకపోయినా కారణం తెలుస్తుంది. ఫుట్‌బాల్‌లో ఏళ్లపాటు అంతా నిశ్శబ్దమే. వేలు చెవి మీద పెట్టుకుని నిలబడ్డ రిఫరీ, ఏం జరుగుతోందో తెలియని అరవై వేలమంది. 2023 సెప్టెంబరు 30న టోటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్‌లో వీడియో రిఫరీలు కూర్చునే ఆ మూసిన గదిలో ఏం జరగొచ్చో బయటపడింది. లూయిస్ దియాస్ గోల్‌ని మైదానంలో ఆఫ్‌సైడ్ అన్నారు. వీడియో రిఫరీ గీతలు గీసి చూశాడు, ఆఫ్‌సైడ్ లేదని తేలింది. అయితే మైదానంలో గోల్ ఇచ్చారని పొరబడి, చెక్ పూర్తయింది అనేశాడు. ఆట మళ్లీ మొదలైపోయింది. మొదలయ్యాక వెనక్కి వెళ్లడానికి నిబంధన ఒప్పుకోదు. తర్వాత విడుదల చేసిన ఆడియోలో, పొరపాటు తెలిసి గదిలో వాళ్లు తల్లడిల్లడం వినపడుతుంది. కెమెరా సరిగ్గా చూసింది, గీత సరిగ్గా పడింది, ఇద్దరు మనుషుల మధ్య ఒక్క మాట తప్పింది. మాట్లాడేది బహిరంగంగా ఉండుంటే స్టేడియంలో ఎవడో ఒకడు అరిచేవాడు కదా అనిపిస్తుంది. అదే ఏడాది మహిళల ప్రపంచకప్‌తో సహా ఫిఫా టోర్నమెంట్లలో రిఫరీలు మైకులో నిర్ణయం ప్రకటించడం మొదలుపెట్టారు. ప్రకటన మంచిదే, చర్చ కూడా వినిపించాలి.

ఇన్ని తలనొప్పులుంటే అసలు తీసేస్తే పోదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. 2024లో వుల్వ్స్ క్లబ్ ప్రీమియర్ లీగ్‌లో ఆ తీర్మానమే పెట్టింది. ఓటింగులో 19 క్లబ్బులు వద్దన్నాయి, వుల్వ్స్ ఒంటరిగా మిగిలింది. స్వీడన్‌లో మాత్రం అభిమానులకి క్లబ్బుల్లో సగానికి పైగా ఓటు హక్కు ఉంటుంది. వాళ్లు గట్టిగా నిలబడితే అక్కడి లీగ్ వీఏఆర్‌ని రానివ్వలేదు. గోల్ పడ్డాక గుండె నిండా అరవాలి, రెండు నిమిషాలు ఆగి కాదు అన్నది వాళ్ల వాదన. నేను ఒప్పుకోను గానీ, ఆ బాధ నాకు అర్థమవుతుంది.

నిబంధనలు మార్చే అధికారం ఫిఫాదే అని చాలామంది అనుకుంటారు. కాదు. 1886లో పుట్టిన అంతర్జాతీయ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డుది. అందులో ఎనిమిది ఓట్లు. ఫిఫాకి నాలుగు, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌కి తలొకటి. ఏదైనా మారాలంటే ఆరు ఓట్లు కావాలి. నిబంధనలు మొత్తం పదిహేడు, ఫైనల్ ఆడే వాళ్లకీ మన రైల్వే గ్రౌండులో ఆడే పిల్లలకీ అవే. ఫుట్‌బాల్ గొప్పతనం అదే, వీఏఆర్ దానికే చిల్లు పెట్టింది. కెమెరాలు, వాటిని నడిపే గది, శిక్షణ పొందిన రిఫరీలు, అన్నీ కలిస్తే మోయలేని ఖర్చు. మన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఆ ఖర్చు భరించలేక ఏళ్లతరబడి వీఏఆర్ లేకుండానే ఆడుతూ వచ్చింది.

2023 మార్చి 3న బెంగళూరు ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ ప్లేఆఫ్ గుర్తుందా? ఎక్స్‌ట్రా టైంలో సునీల్ ఛెత్రీ, కేరళవాళ్లు ఇంకా గోడ కట్టుకోకముందే ఫ్రీకిక్ తన్నేశాడు. గోల్ ఇచ్చారు. కేరళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ జట్టుని మైదానం నుంచి తీసుకెళ్లిపోయాడు. తర్వాత క్లబ్‌కి 4 కోట్ల జరిమానా, ఆయనకి పది మ్యాచ్‌ల నిషేధం. అప్పుడు కూడా వీఏఆర్ కావాలని గోల పుట్టింది. కానీ ఆ వీడియోలో ఏ రహస్యమూ లేదు. తన్నింది అందరూ చూశారు. తగాదా అంతా, రిఫరీ విజిల్ కోసం ఆగమన్నాడా లేదా, అలా త్వరగా తన్నడం ఆ సమయంలో చెల్లుతుందా అన్నదాని మీదే. పూర్తిగా రెండో కుప్ప. దానికి కావాల్సింది మంచి శిక్షణ ఉన్న రిఫరీ. దోహాకి కావాల్సింది ఒక్క కెమెరా.

అందుకే మనలాంటి చోట్లకి ఆశ ఇచ్చేది ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అని ఫిఫా 2024లో పరీక్షించడం మొదలుపెట్టిన పద్ధతి. ఆ ఏడాది అండర్-20, అండర్-17 మహిళల ప్రపంచకప్‌లలో వాడారు. వేరే గది లేదు, వీడియో రిఫరీలు లేరు. ఉన్న కొద్ది కెమెరాల బొమ్మే మైదానం పక్కన ఒక తెర మీద వస్తుంది. ప్రతి కోచ్‌కీ మ్యాచ్‌లో రెండు అవకాశాలు. అనుమానం వస్తే వేలు గాల్లో తిప్పి, ఫోర్త్ అఫీషియల్ (మైదానం పక్కనుండే నాలుగో రిఫరీ) చేతికి ఒక కార్డు ఇవ్వాలి. రిఫరీయే వచ్చి చూస్తాడు. నిర్ణయం మారితే అవకాశం పోదు, మారకపోతే పోతుంది. కాబట్టి ఎవరూ బూటు కొసకోసం దాన్ని వృథా చెయ్యరు. కళ్లెదుట జరిగిన పెద్ద అన్యాయానికే దాచుకుంటారు.

దోహాలో ఆ 73వ నిమిషంలో అప్పటి మన కోచ్ ఇగోర్ స్టిమాచ్ జేబులో అలాంటి కార్డు ఒకటి ఉండుంటే, రిఫరీ పక్కకి నడిచొచ్చి, మా మేడ మీద మావాడు ఆపి చూపించిన ఆ బొమ్మనే చూసేవాడు. బంతికీ గీతకీ మధ్య గడ్డి.